తిరుపతికి జనం తక్కువా? మరి ట్రూజెట్ ఎందుకు నిలబడలేదు?

తిరుపతికి వచ్చే జనానికి ఏనాడూ కొరత లేదు. మామూలు రోజుల్లోనే కొండమీద అరవై, డెబ్బై వేల మంది దర్శనం చేసుకుంటారు. సెలవులొస్తే లెక్క ఇంకా పెరుగుతుంది. అలాంటి ఊరికి తన తొలి విమానం నడిపి మొదలైన ట్రూజెట్ అనే ఎయిర్‌లైన్ ఏడేళ్లు నిండకుండానే ఆగిపోయింది. ఎందుకని ఇక్కడి టీ అంగళ్ల దగ్గర అడిగితే "మేనేజ్‌మెంట్ సరిగ్గా లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాటలో నిజం ఎంతో కొంత ఉండొచ్చు. కానీ ఇంచుమించు అదే కాలంలో, ఇదే దక్షిణాదిలో, వేరే యజమానులు మొదలుపెట్టిన ఎయిర్ కోస్టా, ఎయిర్ పెగాసస్ అంతకంటే ముందే మూతపడ్డాయి. ముగ్గురూ ఒకే గుంటలో పడ్డారంటే బండి తోలినవాళ్లతో పాటు దారిని కూడా చూడాలి.

ముందు జరిగింది క్లుప్తంగా. హైదరాబాద్‌కు చెందిన టర్బో మేఘా ఎయిర్‌వేస్ 2015 జూలై 12న ట్రూజెట్ పేరుతో హైదరాబాద్ నుంచి తిరుపతికి మొదటి విమానం నడిపింది. రెండు రోజులకే గోదావరి పుష్కరాలు మొదలయ్యాయి, రాజమండ్రి సర్వీసుకి అది కలిసొచ్చింది. నటుడు రామ్ చరణ్ బ్రాండ్ అంబాసిడర్ కావడంతో పేరు జనం నోళ్లలో త్వరగానే పడింది. అదే ఏడాది అక్టోబరు 22న తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటలో ‘గరుడ’ టెర్మినల్‌ను ప్రధాని ప్రారంభించారు. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకి చవక విమానాలు నడిపించేందుకు కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం మొదలైన రోజు సిమ్లా విమానంతో పాటు జెండా ఊపిన కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ సర్వీసులు రెండూ ట్రూజెట్‌వే. ఆ తర్వాత సేలం, మైసూరు, బళ్లారి పక్కన విద్యానగర్, బీదర్, జల్‌గావ్, అహ్మదాబాద్ నుంచి పోర్‌బందర్, జైసల్మేర్... ఒక దశలో దేశం పటంలో దాని గీతలు ఎక్కడెక్కడో కనిపించేవి. 2022 ఫిబ్రవరి తొలివారంలో విమానాలు ఆగాయి. తాత్కాలికమేనని, కొత్త పెట్టుబడి వస్తోందని కంపెనీ చెప్పింది. మళ్లీ ఎగరలేదు.

80 సీట్లు, 40 టన్నులు

చిన్న ఎయిర్‌లైన్ల గురించి మాట్లాడుకునేటప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని రెండు అంకెలు ఇవి. నా దృష్టిలో సగం కథ వీటిలోనే ఉంది.

ట్రూజెట్ వాడింది ఏటీఆర్ 72. రెండు ప్రొపెల్లర్లు, డెబ్బై పైచిలుకు సీట్లు, జెట్ కంటే నెమ్మది. హైదరాబాద్ నుంచి రేణిగుంటకి గంట, గంటంపావు. ఈ విమానాన్నే ఎంచుకోవడానికి తక్కువ దూరాల్లో చమురు పొదుపుగా తాగడం ఒక కారణం. రెండో కారణం నిబంధనలు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాల్లో 80 సీట్లలోపు దేశీయ విమానాలకి ల్యాండింగ్ ఛార్జీ ఉండదు. టేకాఫ్ బరువు 40 టన్నుల లోపుంటే, వాటికి అమ్మే చమురు మీద రాష్ట్రాలు ఇష్టమొచ్చినంత పన్ను వేయకుండా 2007లో కేంద్రం పరిమితి పెట్టింది. మామూలు జెట్‌లు తమిళనాడులో 29 శాతం పన్ను కట్టి చమురు పోయించుకుంటున్నప్పుడు చిన్న విమానానికి 4 శాతంతో సరిపోయేది. ఆంధ్రప్రదేశ్ తర్వాత అందరికీ ఆ పన్ను 1 శాతానికి తగ్గించింది కానీ విమానం ఒక్క రాష్ట్రంలోనే తిరగదు కదా.

ఈ గీతలకి లోపల ఉన్నంతవరకు చిన్న కంపెనీకి పెద్దవాళ్ల మీద కొంత పైచేయి ఉంటుంది. చెన్నై కేంద్రంగా 2005లో మొదలైన పారామౌంట్ ఎయిర్‌వేస్ తెచ్చింది కూడా ఈ గీతలకి లోపల ఇమిడే ఎంబ్రేయర్ 170 రకం జెట్‌లే. చిక్కేమిటంటే, ఆ గీతలు దాటకుండా పెరగడం కష్టం. విజయవాడ ఎయిర్ కోస్టా చూడండి. 2013 అక్టోబరులో 67 సీట్ల ఎంబ్రేయర్ 170తో మొదలైంది. సీట్లు 80 లోపు, బరువు 40 టన్నుల లోపు. రెండు రాయితీలూ దక్కాయి. తర్వాత 112 సీట్ల ఎంబ్రేయర్ 190 తెచ్చింది. ఆ ఒక్క అడుగుతో అది రెండు గీతలూ దాటింది. రాయితీలు పోయాయి. సీటుకి పడే ఖర్చులో 180 సీట్ల ఎయిర్‌బస్‌తో పోటీపడే స్థాయికేమో చేరలేదు. చిన్నవాడి లాభమూ లేదు, పెద్దవాడి లాభమూ లేదు. ఆ పరిస్థితిలో 2014 సింగపూర్ ఎయిర్‌షోలో 50 కొత్త ఎంబ్రేయర్ జెట్‌లకు ఆర్డర్ ప్రకటించారు. జాబితా ధర ప్రకారం వాటి విలువ 294 కోట్ల డాలర్లు. చేతిలో ఉన్న విమానాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అప్పట్లో మన ఆంధ్రా కంపెనీ అని నేనూ సంతోషపడినవాడినే, ఇప్పుడు ఆ అంకె చూస్తే తల తిరుగుతుంది. 2017 ఫిబ్రవరి 28న ఎయిర్ కోస్టా ఆగిపోయింది.

ట్రూజెట్ ఆ పొరపాటు చేయలేదు. చివరిదాకా ఏటీఆర్‌లతోనే నడిచింది. అయినా పోయిందంటే మిగతా సగం కథ చూడాలి.

డాలర్లలో అద్దె, రూపాయల్లో టికెట్

ఇలాంటి కంపెనీల విమానాలు సొంతవి కావు, లీజువి. విదేశీ లీజు సంస్థకి నెలనెలా డాలర్లలో అద్దె కట్టాలి. ముందుగా కొన్ని నెలల అద్దె డిపాజిట్. దానిపైన మెయింటెనెన్స్ రిజర్వు అని ఇంకొకటి ఉంటుంది: ఇంజిన్, ప్రొపెల్లర్, ల్యాండింగ్ గేర్ భవిష్యత్తులో చేయించాల్సిన రిపేర్ల కోసం ఎగిరిన ప్రతి గంటకీ, దిగిన ప్రతిసారికీ ఇంత అని లీజు సంస్థ దగ్గర జమ చేయాలి. గంటసేపు ఎగిరే సర్వీసులు నడిపేవాడికి ఎగిరిన గంటలతో పోలిస్తే దిగడాలు ఎక్కువ. ఢిల్లీ–చెన్నై నడిపేవాడి చక్రాలు రెండున్నర గంటలకోసారి నేల తాకితే, హైదరాబాద్–తిరుపతి నడిపేవాడివి ఆ వ్యవధిలో రెండుసార్లు తాకుతాయి. టైర్లు, బ్రేకులు అదే లెక్కన అరుగుతాయి.

ట్రూజెట్ మొదలైనప్పుడు డాలరు 63, 64 రూపాయలు. ఆగిపోయే నాటికి 75 దరిదాపులు. డాలర్లలో అద్దె ఒక్క సెంటు పెరగకపోయినా రూపాయల్లో ఆరో వంతుకి పైగా పెరిగినట్టే. చమురు సంగతీ అంతే. 2014 మధ్యలో బ్యారెల్ వంద డాలర్ల పైనున్న బ్రెంట్ రకం ముడిచమురు 2016 జనవరికి 30 కిందికి పడింది. ట్రూజెట్, ఎయిర్ పెగాసస్ పుట్టుకొచ్చింది ధర అలా పడిపోతున్న రోజుల్లోనే. అప్పటి చమురు ధరతో వేసుకున్న లెక్క ఎప్పటికీ అలాగే ఉంటుందని ఎవరూ అనుకోకూడదు గానీ, మనుషులం కదా, అనుకుంటాం. 2022 ఫిబ్రవరికి బ్రెంట్ 90 దాటింది. ఇంకో ముడి ఏమిటంటే విమాన చమురు జీఎస్టీలో లేదు. దానిమీద కట్టిన పన్నుకి క్రెడిట్ రాదు.

అద్దె విమానం ఎగిరినా ఎగరకపోయినా కట్టాల్సిందే. అలిపిరి దగ్గర అంగడి తీసుకున్నవాడు బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజుల గిరాకీ చూసి ఏడాది పొడుగునా అద్దెకి ఒప్పుకున్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం. పెద్ద కంపెనీ అయితే తిరుపతిలో గిరాకీ తగ్గినప్పుడు ఆ విమానాన్ని ఇంకోవైపు తిప్పుకుంటుంది. నాలుగైదు విమానాలున్నవాడికి తిప్పుకునేందుకు ఎక్కువ చోట్లు ఉండవు.

అసలు విమానాల సంఖ్య తక్కువగా ఉండటమే ఒక జబ్బు. ఒకే విమానం పొద్దున హైదరాబాద్‌లో బయల్దేరి తిరుపతి వచ్చి, తిరిగి వెళ్లి, రాజమండ్రి పోయి, అక్కడినుంచి మళ్లీ వెనక్కి వస్తుంది. మధ్యలో దిగి ఎక్కడానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలే. పొద్దున పక్షి తగిలో, ఏదో విడిభాగం పాడయ్యో తిరుపతిలో రెండు గంటలు ఆగిందనుకోండి, ఆ రోజంతా ఆ గొలుసులో ఉన్న ప్రతి ఊరూ ఆలస్యం. స్పేర్ విమానం పెట్టుకోవచ్చు కదా అంటారా? ఖాళీగా నిలబెట్టే విమానానికీ డాలర్లలో అద్దె కట్టాలి. అందుకే చిన్న ఎయిర్‌లైన్ సర్వీసు రద్దయిందన్న కబురు మనం అంత తరచుగా వింటాం. రెండుసార్లు రద్దయితే ట్రావెల్ ఏజెంటు మూడోసారి ఆ పేరు చెప్పడు.

భక్తుడు మంచి ప్రయాణికుడే, మంచి గిరాకీ మాత్రం కాదు

ఇది కొంచెం కటువుగా వినిపిస్తుంది. విమానాల వ్యాపారంలో లాభం తెచ్చేది విమానం నిండటం ఒక్కటే కాదు, ఎవరితో నిండిందన్నది కూడా. రేపు పొద్దున మీటింగ్ ఉందని ఈ రాత్రి టికెట్ కొనేవాడు ఎంతైనా పెడతాడు, కంపెనీ డబ్బు కాబట్టి. కొండకి వచ్చే కుటుంబం అలా కాదు. మూడొందల రూపాయల దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. తేదీ దొరికిన రోజే ప్రయాణం టికెట్లు చూస్తారు. అంటే విమానంలో అన్నిటికంటే చవక సీట్లు కొనేది వాళ్లే. నలుగురో అయిదుగురో కలిసి వస్తారు కాబట్టి మనిషికి వెయ్యి రూపాయలు పెరిగితే ఇంటికి అయిదు వేలు పెరిగినట్టు. వెంటనే నారాయణాద్రి, పద్మావతి ఎక్స్‌ప్రెస్‌లు గుర్తొస్తాయి. రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి తిరుపతి. పోగా, తిరుగు ప్రయాణంలో లడ్డూల సంచులతో లగేజీ బరువు పెరుగుతుంది, అది వేరే కథ.

ఊహకి ఒక లెక్క వేద్దాం. ఇవి నేను అనుకున్న అంకెలే, ఏ కంపెనీ ఖాతాలవీ కావు. ఒక ట్రిప్పుకి అన్ని ఖర్చులూ కలిపి 2,50,000 రూపాయలు, విమానంలో 70 సీట్లు. 35 మంది నెలల ముందే 2,500 చొప్పున కొన్నారు. వచ్చింది 87,500. ఇంకా 1,62,500 రావాలి. మిగతా 35 సీట్లూ నిండితే ఒక్కొక్కరి నుంచి 4,643 రూపాయలు రాబట్టాలి. ఫర్వాలేదు. పదిహేను మందే ఉంటే 10,833. అంత పెట్టి రేణిగుంటలో దిగేవాళ్లు ఎందరు? అంటే యాభై మందితో, డెబ్బై శాతానికి పైగా నిండి, చూసేవాళ్లకి కళకళలాడుతూ ఎగిరిన విమానం కూడా నష్టంలో ఎగిరినట్టే.

ఖరీదైన టికెట్ కొనే ప్రయాణికులు ఈ ప్రాంతంలో లేరా అంటే ఉన్నారు. శ్రీసిటీ ఫ్యాక్టరీలు, అమరరాజా, చిత్తూరు మామిడి గుజ్జు ఎగుమతిదారులు, ఏర్పేడులో ఐఐటీ. కానీ వాళ్లలో చాలామంది రేణిగుంట వైపు చూడరు. చిత్తూరు నుంచి చెన్నై 150 కిలోమీటర్ల పైచిలుకు, బెంగళూరు 180. శ్రీసిటీ అయితే చెన్నైకి పక్కనే. పలమనేరు, కుప్పం, మదనపల్లె వాళ్లకి ఎయిర్‌పోర్టు అంటే బెంగళూరే. అక్కడినుంచి దుబాయ్‌కైనా ఢిల్లీకైనా గంట గంటకీ విమానం ఉంటుంది. రేణిగుంటకి రెండు పెద్ద విమానాశ్రయాల మధ్య ఇరుక్కున్న పరిస్థితి. తిరుమల దర్శనానికి విమాన ప్రయాణాన్ని ముడిపెట్టే ప్రయత్నాలు తర్వాత కొన్ని జరిగాయి. శ్రీవాణి ట్రస్టుకి పది వేలు విరాళమిచ్చేవాళ్లకి బోర్డింగ్ పాస్ చూపిస్తే విమానాశ్రయంలోనే బ్రేక్ దర్శనం టికెట్లిచ్చే కౌంటరు కొన్నాళ్లు నడిచింది. ఖర్చుకి వెనకాడని భక్తుడిని విమానం ఎక్కించే ఏర్పాటు అది. ట్రూజెట్ మొదలైన రోజుల్లో అలాంటిదేమీ లేదు.

మూడేళ్ల ఊతకర్ర

ఉడాన్‌ను తిట్టేవాళ్లూ, మెచ్చుకునేవాళ్లూ దాని లెక్క సరిగ్గా చూడరు. పథకం మొదలైనప్పటి నిబంధన ప్రకారం గంట ప్రయాణానికి విమానంలో దాదాపు సగం సీట్లు 2,500 రూపాయలకే అమ్మాలి. అలా అమ్మినందుకు వచ్చే లోటుని ప్రభుత్వం భర్తీ చేస్తుంది. ఇందులో మామూలుగా 80 శాతం కేంద్రం, 20 శాతం రాష్ట్రం. కేంద్రం వాటాకి డబ్బు వచ్చేది పెద్ద నగరాల మధ్య తిరిగే విమానాల మీద వేసిన సుంకం నుంచి. చమురు పన్ను 1 శాతం, ల్యాండింగ్, పార్కింగ్ ఛార్జీలు ఉండవు. అన్నిటికంటే విలువైనది: మూడేళ్లపాటు ఆ రూట్లో ఇంకో కంపెనీకి ఉడాన్ కింద చోటు ఉండదు.

మూడేళ్లకి డబ్బూ ఆగుతుంది, పోటీ రాకుండా వేసిన కంచె కూడా తీసేస్తారు. ఆలోపు రూట్ తన కాళ్ల మీద నిలబడాలన్నది ఆలోచన. కడప, నాందేడ్ రూట్లకి 2017 ఏప్రిల్ నుంచి మూడేళ్లు లెక్కపెడితే 2020 ఏప్రిల్ చివర వస్తుంది. ఆ నెలలో దేశంలో ఒక్క మామూలు ప్రయాణికుల సర్వీసూ ఎగరలేదు.

అయితే నెపం మొత్తం కరోనా మీదికి నెట్టడానికి లేదు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక చూస్తే తెలుస్తుంది. మొదటి మూడు విడతల్లో కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ పూర్తిచేసినవి 112. ఆ తర్వాత కూడా, 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. చాలా రూట్లలో గిరాకీ పుట్టడానికి మూడేళ్లు చాలలేదని ఒకరంటారు, గిరాకీ లేనిచోట రూట్లు ఇచ్చారని ఇంకొకరంటారు. రెండూ నిజమే అయ్యుండొచ్చు. నాకు మాత్రం ట్రూజెట్ విషయంలో ఇంకో తప్పు కనిపిస్తుంది. సబ్సిడీ ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్లింది. హైదరాబాద్ చుట్టూ దగ్గరగా అల్లుకోవాల్సిన కంపెనీ అహ్మదాబాద్‌లో ఒక స్థావరం, ముంబై–కొల్హాపూర్, చెన్నై–సేలం, బెంగళూరు–బీదర్ అంటూ కాసిన్ని విమానాలను దేశమంతా పరిచింది. పోర్‌బందర్‌లో పాడైన విమానం హైదరాబాద్‌లో ఉన్న ఇంజినీరుకి చాలా దూరం. ప్రతి స్థావరంలో సిబ్బంది, విడిభాగాలు, హోటల్ గదులు. సబ్సిడీ ఒక రూట్ లోటుని పూడుస్తుంది కానీ చెల్లాచెదురుగా ఉండటానికయ్యే ఖర్చుని పూడ్చదు.

దారి చూపించినవాడు, దారి పట్టినవాడు

2017లో ఇండిగో 50 ఏటీఆర్‌లకు ఒప్పందం ప్రకటించింది. అప్పటికే దాని దగ్గర వందకి పైగా ఎయిర్‌బస్‌లున్నాయి. ఆ ఏడాది డిసెంబరులో హైదరాబాద్ నుంచి ఏటీఆర్ సర్వీసులు మొదలయ్యాయి. 2018 మొదట్లోనే అవి తిరుపతికి, రాజమండ్రికి వచ్చాయి. సరిగ్గా ట్రూజెట్ రెండున్నరేళ్లుగా నడుపుతున్న ఊళ్లు.

విమానం అదే రకం, దూరం అదే, రన్‌వే అదే. తేడా ఎక్కడంటే, లక్నోలో ఉన్న భక్తుడు ఇండిగోలో లక్నో–హైదరాబాద్–తిరుపతి ఒకే టికెట్ కొంటాడు. లగేజీ నేరుగా రేణిగుంటలో తీసుకుంటాడు. మొదటి విమానం ఆలస్యమైతే రెండోదాని బాధ్యత కంపెనీదే. ట్రూజెట్‌లో రావాలంటే హైదరాబాద్‌లో దిగి, బయటికొచ్చి, మళ్లీ చెకిన్ అవ్వాలి. మొదటిది ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బు గోవిందా. అంటే ట్రూజెట్‌కి ఎక్కువగా మిగిలేది హైదరాబాద్ నుంచి బయల్దేరేవాళ్లు. ఇండిగోకి దేశం మొత్తం నుంచి వచ్చేవాళ్లు. రూట్‌లో కొన్నాళ్లు నష్టమొచ్చినా లక్నో విమానంలో నిండిన సీటు లాభమే కాబట్టి పెద్ద కంపెనీ ఓపిక పట్టగలదు.

దీనికి తోడు పైలట్లు. ఏటీఆర్ నడపడానికి ఆ రకానికి ప్రత్యేకంగా శిక్షణ పొంది ఉండాలి, అలాంటి కెప్టెన్లు దేశంలో కొద్దిమందే. ఒక పెద్ద కంపెనీ డజన్ల కొద్దీ ఏటీఆర్‌లు తెస్తుంటే వాళ్లకి గిరాకీ ఎటు పెరుగుతుందో చెప్పక్కర్లేదు. ఉన్నట్టుండి వెళ్లిపోకుండా 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కెప్టెన్లకి ఏడాది, కోపైలట్లకి ఆరు నెలల నోటీసు పెట్టింది. దాంతో వలస నెమ్మదించవచ్చు, ఆగదు.

చిన్న కంపెనీ ఖాళీ రూట్లో నష్టం భరించి గిరాకీ ఉందని రుజువు చేస్తుంది, ఆ రుజువు చూసి పెద్ద కంపెనీ వస్తుంది. కడప ఇందుకు ఇంకా మంచి ఉదాహరణ. 2015 జూన్‌లో విమానాశ్రయం తెరిచినప్పుడు బెంగళూరు నుంచి వచ్చింది ఎయిర్ పెగాసస్. అది 2016 జూలైలో మూతపడింది. 2017లో ట్రూజెట్ వచ్చింది, 2022లో పోయింది. రెండు నెలలు తిరిగేలోపు, మార్చి చివర్లో, రాష్ట్ర ప్రభుత్వ ఆర్థిక సాయంతో ఇండిగో దిగింది. ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే ఇందులో నష్టమేమీ లేదు, నమ్మకమైన సర్వీసు వచ్చింది. మన ఊళ్లని మొదట పట్టించుకున్నవాళ్లు మిగల్లేదన్నదే నా బాధ.

చివరి నెలలు ఎలా ఉంటాయి

2020 మార్చి 25 నుంచి మే 25 దాకా విమానాలు ఆగాయి. తెరిచాక కూడా మామూలు సర్వీసుల్లో మూడో వంతుకే అనుమతి. తిరుమలలో మార్చి మూడోవారంలో ఆగిన దర్శనాలు జూన్ 11న సామాన్య భక్తులకి మొదలైనా, రోజుకి ఆరేడు వేల మందికే. తిరుపతిని నమ్ముకున్న ఎయిర్‌లైన్‌కి దీనికంటే పెద్ద దెబ్బ ఏముంటుంది?

ఏ ఎయిర్‌లైన్‌కైనా కష్టకాలంలో మొదట వచ్చే జబ్బు నగదు ఎండిపోవడం. మనం మూడు నెలల ముందు కొన్న టికెట్ డబ్బుని కంపెనీ ఈరోజు చమురుకి, జీతాలకి వాడుకుంటుంది. అది మామూలే, అందరూ చేసేదే. జనం కొనడం తగ్గగానే ఆ ప్రవాహం ఆగుతుంది. చమురు కంపెనీ అప్పు మానేసి, ముందు డబ్బు కడితేనే ఇంధనం అంటుంది. కార్డు చెల్లింపులు చూసే బ్యాంకు రేపు రీఫండ్లు తన మెడకి చుట్టుకుంటాయని కొంత డబ్బు ఆపిపెట్టుకుంటుంది. జీతాలు సగం సగం అవుతాయి. ఒక విమానం రిపేరుకి ఆగితే డబ్బు లేక దాని భాగాలు ఇంకోదానికి పెడతారు. అప్పుడు ఎగిరే విమానాలు తగ్గుతాయి, రాబడి ఇంకా తగ్గుతుంది. ఈ సుడిలో పడినవాళ్లు పైకి రావాలంటే కొత్త పెట్టుబడిదారు ఉండాలి. అతను వచ్చి ఖాతాలు చూసి, బాకీలు చూసి, ఆలోచిస్తానంటాడు. ఆలోపే లీజు సంస్థ నోటీసిస్తుంది.

ఆ నోటీసుకి ఉన్న బలం మామూలుది కాదు. విమానాలు లీజుకిచ్చేవాళ్ల హక్కులు కాపాడే అంతర్జాతీయ కేప్‌టౌన్ ఒప్పందంలో భారత్ 2008లోనే చేరింది. దానికి అనుగుణంగా మార్చిన నిబంధన ప్రకారం, లీజు సంస్థ దగ్గర ముందే రాయించుకున్న అధికారపత్రం ఉంటే, అడిగిన అయిదు పనిరోజుల్లో డీజీసీఏ ఆ విమానం మీది ‘వీటీ’ అనే భారతీయ నమోదు తీసేయాలి. నమోదు పోయిందంటే ఆ విమానం ఇక్కడ ఎగరలేదు. ఎయిర్ పెగాసస్, ఎయిర్ కోస్టా రెండింటికీ చివరి తోపు లీజు సంస్థలతో వచ్చిన గొడవలే. 2023 మే నెలలో గో ఫస్ట్ ఎయిర్‌లైన్ దివాలా పిటిషన్ వేసినప్పుడు, బాకీల వసూళ్లని ఆపుతూ ట్రిబ్యునల్ పెట్టిన మారటోరియం వల్ల లీజు సంస్థల విమానాలు ఏడాది పాటు ఇరుక్కుపోయాయి. వాళ్లు గగ్గోలు పెట్టారు. దాంతో అదే ఏడాది అక్టోబరులో కేంద్రం విమానాలని ఆ మారటోరియం నుంచి తప్పించింది, 2025లో ఏకంగా చట్టమే చేసింది. భారత్‌కి విమానం ఇవ్వడం క్షేమమని తేలితే అద్దెలు కాస్త తగ్గుతాయని ఆశ. చిన్న కంపెనీకి మాత్రం ఇది రెండువైపులా పదునున్న కత్తి. అద్దె కొంచెం చవక కావొచ్చు, బాకీ పడితే ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇదివరకటి కంటే తక్కువ.

ఈ వరసలో టికెట్ కొన్న మనం ఎక్కడుంటాం? చిట్టచివర. క్రెడిట్ కార్డుతో కట్టినవాళ్లకి సేవ అందలేదని బ్యాంకు ద్వారా ఛార్జ్‌బ్యాక్ అడిగే వీలుంటుంది. నగదు ఇచ్చి ఏజెంటు దగ్గర కొన్నవాళ్లకి ఏజెంటే దిక్కు, అతని డబ్బేమో కంపెనీ దగ్గర ఇరుక్కుని ఉంటుంది.

మిగిలినవాళ్లు, రాబోయేవాళ్లు

అందరూ పోలేదు. 2019 జనవరిలో మొదలైన బెంగళూరు స్టార్ ఎయిర్ తిరుపతిని కలబురగి, బెళగావి లాంటి ఊళ్లతో కలిపింది. అక్కడినుంచి తిరుపతికి రైల్లో రావాలంటే గంటల కొద్దీ పడుతుంది, పెద్ద కంపెనీకి ఆ జంట ఊళ్ల మీద ఆసక్తి తక్కువ. వెనక సంజయ్ ఘోడావత్ గ్రూపు డబ్బుంది. మొదట 50 సీట్ల జెట్‌లు వాడారు, తర్వాత తెచ్చినవాటిలో 76 సీట్లు అమర్చారు. 80కి లోపల ఎందుకు ఆగారో ఇంతవరకు చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు. 2024 మార్చిలో గోవా నుంచి మొదలైన ఫ్లై91 ఏటీఆర్‌లతోనే నడుస్తోంది.

2025 డిసెంబరులో ఇండిగో సర్వీసులు వేలల్లో రద్దయి దేశమంతా టెన్షన్ పడ్డాక, ఒకే కంపెనీ మీద ఇంతగా ఆధారపడటం గురించి అందరూ మాట్లాడారు. అదే నెలలో కొత్త ఎయిర్‌లైన్లకి ఎన్‌ఓసీలిచ్చినట్టు పౌర విమానయాన శాఖ ప్రకటించింది. వాటిలో ఫ్లై ఎక్స్‌ప్రెస్ హైదరాబాద్‌దే. ఎన్‌ఓసీ అంటే మొదలుపెట్టుకోవచ్చన్న మాట మాత్రమే. విమానాలు తెచ్చి, పైలట్లని పెట్టుకుని, పరీక్షా విమానాలు నడిపి చూపించాకే ఎగిరే పర్మిట్. ఆ లోపలే ఆగిపోయినవాళ్లు మన దేశంలో తక్కువమంది కాదు.

వాళ్లలో ఎవరైనా రేపు రేణిగుంటకి వస్తే నేను చూసేవి ప్రారంభోత్సవంలో ఎవరు రిబ్బన్ కత్తిరించారన్నది కాదు. విమానంలో సీట్లు ఎన్ని, ఒక స్పేర్ విమానం ఉందా, స్థావరం ఒకటా నాలుగా, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పెద్ద కంపెనీతో ఒకే టికెట్ ఒప్పందం కుదిరిందా? ఈ చివరిదానికి అవునని జవాబొస్తే మా అత్తగారి వాళ్లకి మూడు నెలల ముందు టికెట్ కొంటాను. లేదంటే వారం ముందు కొంటాను, అదీ క్రెడిట్ కార్డు మీద.